మామిడిపిందె అచ్చు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పోయిన వారం మీ స్నేహితుడు, మనలాగే గిల్టు నగలు చేసే సుబ్బారావు అన్నయ్యగారు వచ్చి, "నగల అచ్చులు తుప్పు పడుతున్నాయమ్మా, పాలిష్ పట్టించి తెస్తాను" అన్నారు. గిల్టు నగల చిలకలపూడిలో అచ్చు చేజారితే డిజైను చేజారినట్టే. ఇవ్వకపోతే మీతో ఆగిన పని మళ్లీ మొదలవదు, ఇస్తే ఏమవుతుందో తెలీదు. "గొలుసు పొడవు చూసి బెదరకు, చేతిలో ఉన్న లింకు అతికించు" అనేవారు మీరు. అందుకని ముందు మైనం కరిగించాను. పన్నెండు అచ్చులనూ ఒక్కొక్కటిగా మైనంలో నొక్కి, గుర్తులు దాచుకున్నాకే ఆయన చేతికిచ్చాను.

ఇవాళ తెచ్చారు. ఆయన ఎదుటే ప్రతి అచ్చునూ దాని గుర్తులో పెట్టి చూశాను. అన్నీ మనవే. నాకే సిగ్గేసింది.

"వాడూ అంతేనమ్మా, నాకిచ్చే ముందు మైనంలో గుర్తు తీసుకునేవాడు" అని నవ్వి, జేబులోంచి ఇంకో అచ్చు తీశారు. మామిడిపిందె. "ఇదీ వాడిదే. నా పని సాగనప్పుడు వాడుకోమని ఇచ్చాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఇప్పుడు నా అనుమానమంతా మీ మీదే. ఇంకా ఎవరెవరికి ఏమేమి ఇచ్చి వెళ్లారండీ?

అడిగితే చెప్పేవారు లేరు. మళ్లీ పొయ్యి వెలిగించి, ఈ పదమూడో అచ్చుకూ గుర్తు తీయడానికి మైనం గిన్నె పెట్టాను.