కవరు మీద రాత

చెల్లాయికి అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట రాయకపోతే ఉత్తరం మొదలవదు కాబట్టి రాశాను. మీ బావకు గురక తప్ప ఏ జబ్బూ లేదు. నువ్వు పంపిన ఫొటో చూసి పిల్లలు "పిన్ని డాక్టరైపోయిందా?" అంటున్నారు. అంతా ఆ తెల్లకోటు మహిమ.

నా రాత కోడి కెలికినట్టుందని వెక్కిరించావు. నిజమే. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని రాస్తున్నాను. ఇక్కడిదాకా రావడానికే రెండు రోజులు పట్టింది. క్లినిక్‌లో ఆ వెనక కిటికీ ఇప్పటికీ తెరవరని రాశావు. ఏసీ చల్లదనం పోతుందని పళ్ళ డాక్టరుగారు దానికి మేకులు కొట్టించింది నేనక్కడ పనిచేసేటప్పుడే. ఆయన చేతులూ ఈమధ్య వణుకుతున్నాయనీ, వయసు కాబోలనీ రాశావు. ఆయనకింకా యాభై కూడా నిండలేదే!

"నాకూ కప్పులో టీ తొణికిపోతోంది, చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తూ ఇదేం ఖర్మ అక్కా" అని కిందటిసారి నవ్వుతూ రాశావు. ఒంట్లో రక్తం తక్కువై ఉంటుంది, బాగా తిను అని జవాబిచ్చాను. అది అబద్ధం. తెలిసి చెప్పిన అబద్ధం.

మొన్న పోస్టుమాను నీ ఉత్తరం తెచ్చాడు. నా ఉత్తరాలు డబ్బాలో వేసిపెట్టేది కూడా అతనే. కవరు అటూ ఇటూ తిప్పి, "ఏంటమ్మా, మీకు మీరే రాసుకున్నారా?" అన్నాడు. నేనూ నవ్వాను. తలుపు వేసుకున్నాక చూశాను. కవరు మీద నీ అక్షరాలు అచ్చం నావే. ఇక ఏడుపు ఆగలేదు.

మీ అందరికీ చెప్పినట్టు నాది నరాల బలహీనత కాదే. పాదరసం. పళ్ళలో నింపడానికి వెండిపొడిలో పాదరసం కలిపి, అరచేతిలో నూరి, గుడ్డలో వేసి పిండుతాం చూడు, దాని ఆవిరి ఆ మూసిన గదిలో పదకొండేళ్ళు పీల్చాను. చేత్తో నూరితేనే మెత్తగా వస్తుందని నీకు నేర్పిందీ నేనే.

నా బదులు నిన్ను పెట్టుకోమని డాక్టరుగారిని బతిమాలిన వారానికే పెద్దాసుపత్రి నుంచి నా రిపోర్టు వచ్చింది. చెప్పాలనే ఇంటికొచ్చాను. నువ్వు నా పాత కోటు కురచ చేయించుకుని, వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నావు. పెళ్ళి పెటాకులై వచ్చాక నువ్వు నవ్వగా చూడటం అదే మొదలు. రేపు చెబుదాంలే అనుకున్నాను. నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఈ ఉత్తరం అందగానే ఆ కోటు అక్కడే విప్పి పడేసి వచ్చెయ్. క్షమించమని ఏ మొహం పెట్టుకుని అడగను? మానేస్తే చేతులు బాగవుతాయా అక్కా అని అడుగుతావు. కొందరికి తగ్గుతుందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. నేను మానేసి నాలుగేళ్ళయింది. ఈ రాత చూడు.

ఇట్లు,
నీకు ఆ కోటు తొడిగిన అక్క