మూడో నంబరు డబ్బా

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి చాందినికి,

భానుప్రకాష్ దీవించి రాయునది. నీకంటే ఆర్నెల్లే పెద్దవాణ్ణి, దీవించేంతటి వాణ్ణి కాను. కానీ మా నాన్న ఓడ మీంచి అమ్మకి ఇలాగే మొదలుపెట్టేవాడు, నాకు వేరే మొదలు రాదు. ఈ దీవిలో, మన షాదీపూర్‌లో నేనూ పాపా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమంగా ఉండాలి, నాకెంత ఉడుకుమోత్తనం ఉన్నా సరే.

ఈ ఉత్తరాన్ని బురద డబ్బాలతో పాటు పక్కింటి మంజు దీదీ చేతికిస్తున్నాను. ఆవిడ రేపు విశాఖ ఓడెక్కుతోంది. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు ఫోనెత్తితే వెనకాల నీతో పనిచేసే యుగంధర్ గొంతు వినిపిస్తుంది. ఇది వాడు వినేచోట చెప్పే మాట కాదు.

నువ్వడిగినవాటికి జవాబులు ముందు రాసేస్తాను. శ్రావణి తెలుగు చదువుతోంది, ఒత్తుల దగ్గర మాత్రం హిందీలోకి దూకేస్తోంది. నేను వేళకి తింటున్నాను. జుట్టు ఊడటం ఆగలేదు. మన షెడ్డు పక్కనించి సముద్రంలోకి పోయే నాలాలో నీళ్ళు పోయిన నెలకంటే తగ్గాయి, వానలు వెనకబట్టాయి.

నువ్వు అడగనిది ఒకటి చెబుతాను. నీ పోయిన ఉత్తరంలో యుగంధర్ పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. నా పేరు పైన ఒక్కసారి. పాపకి అంకెలు నేర్పే వంకతో దానిచేత కూడా లెక్కపెట్టించాను, దానికీ తొమ్మిదే వచ్చాయి. యుగంధర్ అల్లం టీ పెడతాడట, నువ్వు రెండు కప్పులు తాగుతావట. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, నేను అల్లం వేసిన ప్రతిసారీ వికారమన్నావు. ఇక ఆ ఫోటో! మోకాలిలోతు నది బురదలో మీరిద్దరూ. తాడుకి ఒక కొస నీ చేతిలో, రెండో కొస వాడి చేతిలో. ఇక్కడ నువ్వు మొదటిసారి నాలాలో దిగినప్పుడు ఆ రెండో కొస పట్టుకున్నది నేను. ఆ ఫోటో చూసి రెండ్రోజులు అన్నం సహించలేదు. నవ్వుకుంటే నవ్వుకో.

నీ పని మీద నాకు గౌరవం లేక కాదు. ఊళ్ళ మధ్య పారే నదుల అడుగు బురదలో రాగి, సీసం, జింకు ఎంత పేరుకుందో నువ్వు చూస్తున్నావంటే పడవలు బాగుచేసే మా షెడ్డులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అక్కడి నదితో పోల్చడానికి మన నాలా బురద కావాలంటే, నువ్వు చెప్పినట్టే ఇనుము తగలకుండా ప్లాస్టిక్ చెంచాతో ఐదు చోట్ల తీసి పంపాను. అవి పంపకముందు, జులైలో నువ్వు రాశావు, గుర్తుందా? "నాలా డబ్బాల్లో ఏది చెడిపోయినా ఇక నాలా జోలికి పోను, నది వరకే రాసి దసరాకి వచ్చేస్తాను." ఆ మాటే నా బుర్రలో తిరిగింది.

ఇప్పుడు గవరయ్య మావయ్య సంగతి. నీకు మేనమామ, నాకు పడవల పని నేర్పిన యజమాని. నీ మొదటి రిపోర్టు అందాక కాలుష్యం ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. మూడో చోట రాగి మిగతా చోట్లకంటే ఎన్నో రెట్లుందనీ, ఆ చోటు పక్కనున్నది మన షెడ్డే గనక రెండో రిపోర్టు వచ్చేదాకా మూసెయ్యమనీ కాగితం ఇచ్చారు. పదకొండు రోజులుగా ఒక్క పడవా ఒడ్డెక్కలేదు.

నువ్వు చెప్పావన్న ఒక్క మాటకి మావయ్య నాలుగేళ్ళుగా పడవ కింద టార్పాలిన్ పరిచి మరీ రంగు గీకిస్తాడు. పొట్టు అంతా సంచుల్లో కట్టిస్తాడు. అలాంటి మనిషి నీ మీద తగువుకొస్తాడనుకున్నాను. రాలేదు. షెడ్డు ముందు కూర్చుని నాతో అన్నాడు:

"మన పిల్ల గలత్ రాయదురా భాను. నాలాలో ఉంటేనే రాస్తాది. ఇన్నేళ్ళూ నాకే తెలీకుండా ఇసం పోసీసినాను."

ఆ రోజు నుంచి నాలాలో వల వేసేవాళ్ళని ఆయనే ఆపుతున్నాడు. "ఆ చేప తినకండి భయ్యా, నా షెడ్డు పాడు చేసీసింది," అని అందరికీ తనే చెప్పుకుంటున్నాడు. నిన్న పీతలు తెచ్చిన కామమ్మ బుట్ట కూడా దింపనివ్వలేదు.

చాందినీ, మూడో నంబరు డబ్బా పాడు చేసింది నేను.

పడవ అడుగున గుల్లలు అంటకుండా వేసే ఎర్ర రంగులో రాగి ఉంటుందని నాకు తెలియనిది కాదు. మావయ్య కట్టించిన సంచిలోంచే గుప్పెడు పొట్టు తీశాను. రాయితో మెత్తగా నూరి ఆ డబ్బాలో కలిపాను. చెడిపోయిందని నువ్వు పారేస్తావు, దసరాకి వచ్చేస్తావు, ఆ తాడు కొస వాడు వదిలేస్తాడు, అంతవరకే ఆలోచించాను. నువ్వు పారెయ్యలేదు. ఇంత రాగి ఎక్కడిదో తేల్చాలని మీ సారు ఇంకో ఆర్నెల్లిచ్చాడు, తోడు యుగంధర్‌నే వేశాడు. నేనొకటి తలిస్తే దైవమొకటి తలిచింది. మావయ్య సంగతి లేకపోతే ఈ మాట ఎన్నటికీ చెప్పేవాణ్ణి కాను, అదీ రాసేస్తున్నాను.

పొద్దున్న మావయ్యకి చెప్పేశాను. కొడతాడనుకున్నాను. ఒకటే అడిగాడు.

"మరి నా నాలా బాగానే ఉందా?"

"తెలీదు మావయ్యా. మళ్ళీ తీసి పంపితేగానీ తెలీదు," అన్నాను.

"అయితే నువ్వు ముట్టకు," అని తనే నీళ్ళలోకి దిగాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ప్లాస్టిక్ చెంచాతో ఐదు చోట్లా తనే తీశాడు. మూతల మీది సంతకాలు ఆయనవే. నేను గట్టు మీద నిలబడ్డాను. రంగు పొట్టు కూడా కొంచెం విడిగా కట్టి పంపాడు, పోల్చి చూసుకుంటావని. ఆఫీసుకి నేను రాసిచ్చిన కాగితం నకలు కవర్లో ఉంది, నీ తప్పేమీ లేదని అందులో స్పష్టంగా రాశాను. దీనివల్ల నీ చదువుకి ఏ మచ్చ వస్తుందోనన్నదే నా భయం. షెడ్డులో నా పని ఉంటుందో లేదో మావయ్య చెప్పలేదు, నేను అడగలేదు.

అసూయ పోయిందా అంటే, పోలేదు. ఇది రాస్తూ కూడా ఇప్పుడు నీకు టీ ఎవరు పెడుతున్నారా అనుకున్నాను. ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువుకోమని రాద్దామనుకున్నాను. వద్దు. ఆ డబ్బాని నీతో కలిసి పరీక్ష చేసింది యుగంధరే కదా. అతని ఎదురుగానే చదువు, గట్టిగా చదువు. తప్పు నీ చేతిది కాదని ముందు అతనికే తెలియాలి.

ఇట్లు,
శ్రావణి నాన్న