మైనస్ రెండు

సోమవారం

ప్రియమైన చిట్టి వాళ్ళమ్మకి,

నువ్వు పంపిన స్వెట్టరు అందింది. చేతులు కాస్త పొడుగు, మడిచి వేసుకుంటున్నాను. వంతెన పని నెమ్మదిగా సాగుతోంది. నా పనీ మామూలే. ప్రతి సోమవారం పొద్దున పదింటికి అదే చోట నిలబడి అవే స్తంభాలకి ఫొటో తీస్తాను. వారం వారం ఎంత లేచాయో ఇంజనీర్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా వస్తే ఒప్పుకోరు. అందుకే వెలుగు లెక్క నేనే వేసుకుంటాను, కెమెరాకి వదలను.

సిమెంటు లారీ డ్రైవరు మొన్న మన ఊరు వెళ్లొచ్చాడు. నాటకాల హాలు గోడ మీద నువ్వు తీసిన ఫొటోలు చూశాడట. "సార్, మేడమ్ మిమ్మల్ని మించిపోయారండీ" అన్నాడు. నవ్వాను. సంతోషమే. కానీ నిజం చెప్పు, ఆ రిహార్సల్ ఫొటోలు ఆటోమేటిక్‌లో తీశావు కదూ? పెళ్లైన కొత్తలో నీకు చెప్పిన మొదటి పాఠమే అది. ఆటోమేటిక్‌లో పెడితే ఫొటో తీసేది కెమెరా, మనం కాదు. స్టూడియో గోడకి అంటించిన కార్డు ఇంకా ఉందా, చింపేశావా? స్టూడియో లైట్లకి ఎంత, కిటికీ వెలుగుకి ఎంత, స్టేజీకి ఎంత, అన్నీ రాసిపెట్టాను. పన్నెండేళ్ల కష్టం అది. ఆ అంకెలు చూసి చేత్తో పెట్టుకోవడానికి అంత బద్ధకమా?

చిట్టికి ముద్దులు.

నీ ఆయన


శుక్రవారం

ప్రియమైన శ్రీవారికి,

బద్ధకం కాదండీ, భయం. స్టేజీ మీద లైటు ఒక్క నిమిషం ఒకలా ఉండదు. హీరోయిన్ ఏడిస్తే నీలం, నవ్వితే పసుపు. నేను కార్డు చూసి తలెత్తేసరికి ఆవిడ ఏడుపు అయిపోయి కాఫీకి వెళ్లిపోతోంది. అందుకని డయల్ ఆటోమేటిక్ వైపు తిప్పాను. అవును, తిప్పాను. మీ స్తంభాలు కదలవు. నా మనుషులు కదులుతారు.

డైరెక్టరు గారు ఒక ఫొటో ముందు చాలాసేపు నిలబడి "ఇదెవరు తీశారు?" అన్నారు. నేనేనని బళ్లో పిల్లలా చెయ్యెత్తాను. వచ్చే శనివారం మొదటి ప్రదర్శన. ఆ ఫొటోలు నచ్చితే సంవత్సరం పొడుగునా వాళ్ల నాటకాలన్నిటికీ నేనే తీయాలి. ఏమండీ, నాకు ఇది కావాలి. ఇన్నాళ్లూ మీరు లేనప్పుడు స్టూడియో తెరిచి కూర్చునే మనిషిని. ఇది నాది అని చెప్పుకోవడానికి ఒక్క పని కావాలి.

చిట్టికి నాలుగో పన్ను వచ్చింది. ఖాళీ రీలు డబ్బాలన్నీ కొరికి పెడుతోంది.

మీ ఆవిడ


సోమవారం

ప్రియమైన కళాకారిణికి,

ఆ బిరుదేదో నేనే ఇచ్చేశాను, డైరెక్టరు గారికి శ్రమ లేకుండా. ఇంతకీ ఆయన అంతసేపు నిలబడింది ఫొటో ముందా, ఫొటో తీసిన మనిషి ముందా? తమాషాకి అంటున్నాను.

లారీ డ్రైవరు చేత నాటకం కరపత్రం తెప్పించుకున్నాను. దాని మీద నీ ఫొటోయే వేశారు. హీరోయిన్ తెల్ల గౌను వెలుగు ఎక్కువై కాలిపోయినట్టుంది, ఒక్క మడతా కనిపించదు. వెనక మూలంతా నలుపు. నేనైతే అలా రానివ్వను. ఆవిడ కళ్లు మాత్రం బాగున్నాయి. ఆ కళ్ల కోసం నాలుగుసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ చిరాకేసింది.

నాలుగేళ్ల కిందట ఆ హాలుకి నేనూ ఫొటోలు ఇచ్చాను, గుర్తుందా? "చూస్తాం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు.

రెండు రోజులు సెలవు దొరికింది. గురువారం వస్తాను. శుక్రవారం సాయంత్రమే తిరుగు బస్సు, నీ నాటకానికి ఉండలేను. కెమెరా మాత్రం తుడిచి, అన్నీ సరిచూసి పెట్టి వెళ్తాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకాన్నంటావని తెలుసు. అనుకో.

నీ ఆయన


మంగళవారం

ప్రియమైన శ్రీవారికి,

పని నాకే వచ్చిందండీ! సంవత్సరం మొత్తానికి! శనివారం తీసినవాటిలో పదహారు తీసుకున్నారు. అన్నట్టు, వాటిని ఎంచింది డైరెక్టరు గారి భార్య. హాల్లో టికెట్లు ఇచ్చేదీ ఆవిడే. మొగుణ్ణి కళ్లతోనే కూర్చోబెడుతుంది. మీ తమాషాలు ఇక కట్టిపెట్టండి.

మీరు వెళ్లేటప్పుడు ఎందుకంత ముభావంగా ఉన్నారు? గుమ్మంలో చిట్టి చేతులు చాచినా ఎత్తుకోలేదు. బస్సు టైమైందన్నారు. బస్సుకి ఇంకా గంటుందని నాకు తెలుసు.

ఆదివారం ఇంట్లో ఒక రీలు తీశాను, మీకోసం. ఏమిటన్నది చెప్పను. రేపు కడిగి పంపిస్తాను. చూశాక మీరే బస్సెక్కి వచ్చేస్తారు.

మీ ఆవిడ


శుక్రవారం

ప్రియమైన నీకు,

ఇది అందగానే కెమెరా తీసి, పైన ఎడమ పక్క ఉన్న చిన్న రింగు చూడు. ఆటోమేటిక్‌లో తీసేటప్పుడు వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ వాడేది. సున్నా మీద ఉండాలి. మైనస్ రెండు మీద ఉంటుంది. తిప్పింది నేనే. పోయిన శుక్రవారం నువ్వు చిట్టికి స్నానం చేయిస్తుంటే, కెమెరా తుడుస్తూ తిప్పాను.

నీ శనివారం ఫొటోలు ఎలా బాగా వచ్చాయో నాకు అంతుపట్టడం లేదు. అవి నల్లగా రావాలి. వస్తే నువ్వు ఏడుస్తావు. "చెప్పానా, ఆటోమేటిక్‌ని నమ్మొద్దని" అంటాను నేను. నువ్వు మళ్లీ నా కార్డు దగ్గరికి వస్తావు. ఇదీ నా ఆలోచన. రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇంకో నిజం కూడా రాస్తాను. పదహారు తీసుకున్నారని చదివినప్పుడు ముందు కడుపు మండింది, ఆ తర్వాతే సిగ్గేసింది. పన్నెండేళ్లు చేతులు కాల్చుకుని నేర్చుకున్నదాన్ని నువ్వు ఒక్క డయల్ తిప్పి దాటేశావని ఓర్వలేకపోయాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆటోమేటిక్‌ని తిట్టుకుంటూ వచ్చాను. ఆ కరపత్రంలో కళ్లని పట్టుకున్నది కెమెరా కాదు, నువ్వు. అది నాకు మొదటిసారి చూసినప్పుడే తెలుసు.

ఆదివారం రీలు ఆటోమేటిక్‌లో తీశావా? ముఖ్యమైనది కాకపోతే బాగుండు. వెంటనే రాయి.

నీ ఆయన


గురువారం

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం రాకముందే రింగు చూశాను. రీలు కడిగి వెలుతురుకి పట్టుకుంటే నెగటివ్ నీళ్లలా ఉంది, వెలుగు చాలక బొమ్మ పడీ పడనట్టు. ముందు బ్యాటరీ అనుకున్నాను. తర్వాత రింగు కనిపించింది. చిట్టి తిప్పిందేమో అని కూడా అనుకున్నాను, కానీ గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప అది తిరగదని నాకు నేర్పింది మీరే. ఇన్ని రోజులూ మీకు రాయకుండా కూర్చున్నాను, మీ అంతట మీరు చెప్తారో లేదోనని. చెప్పారు. అందుకే ఈ జవాబు.

శనివారం సంగతి వినండి. శుక్రవారం మీ మొహం చూశాక నా మనసు బాగోలేదు. ఈయన్ని నొప్పించి నేనేం సంపాదిస్తానులే అనిపించింది. మూడు రిహార్సల్స్ చూశాను కదా, ఏ లైటు ఎప్పుడు మారుతుందో కంఠస్థం అయిపోయింది. ఆ ధైర్యంతో డయల్ మాన్యువల్‌కి తిప్పాను. స్టేజీకి మీరు రాసిన అంకెలే పెట్టాను, వెలుగు కొలిచే లోపలి మీటరు వైపు చూడనే లేదు. ఇక ఆ రింగు ఏ మూలనుంటే ఏంటి? పదహారూ మీ లెక్కతో తీసినవే. మీరు కడుపు మండించుకున్నది మీ పన్నెండేళ్ల మీదేనండీ.

ఆదివారం చిట్టి నడిచింది. కిటికీ దగ్గర స్టూలు పట్టుకుని నిలబడ్డది, ఉన్నట్టుండి చెయ్యి వదిలేసింది. నాలుగడుగులు వేసి కూలబడింది. కార్డు వెతికి లెక్కలు వేసే వ్యవధి ఎక్కడిది? చేతిలో ఉన్న కెమెరాని ఆటోమేటిక్‌కి తిప్పి నొక్కాను. ఆరు ఫొటోలు. మీరు చూడలేకపోయారని, మీకోసం.

కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధం అవుతుంది. నాటకాల పని చేస్తాను. మాన్యువలో ఆటోమేటికో అక్కడ నిలబడ్డప్పుడు నేను చూసుకుంటాను. ఇకమీదట నా కెమెరా మీరు తుడవొద్దు. చిట్టి ఇప్పుడు ఇల్లంతా తిరిగేస్తోంది, వందల ఫొటోలు తీసుకోవచ్చు. మొదటి నాలుగడుగులు మాత్రం మళ్లీ వేయదు.

ఆరింటిలో కాస్త నయమైన దాన్ని ప్రింటు చేసి దీంతో పంపుతున్నాను. ఎడమ పక్క బూడిద రంగులో ఉన్నది దాని గౌను. మొహం రాలేదు. నవ్వుతూ నడిచిందో, భయపడుతూ నడిచిందో అందులో తెలియదు. నేను చూశాను. కావాలంటే ఇంటికొచ్చి అడగండి, ఉత్తరంలో రాయను.

ఇంకా మీ ఆవిడే