శరణ్య కంట్లో రాగి

7 జూన్ 2025, శనివారం. పొద్దున 5.30

తెల్లారి లేచినాక మొదట మీ నోట్లో పడేది ఏంది? ఫిల్టర్ కాఫీనా, రాగిచెంబులో రాత్రంతా నిలిచిన తీర్థమా?

ఈ సాయంత్రం మా పేట చూలై భజన మందిరంలో నా ఉపన్యాసం ఇట్లా మొదలుపెట్టాలి. అడిగి ఒక నిమిషం ఊరుకోవాలి. ఒక్కడూ తల ఎత్తకూడదు.

నేను ఏ మఠంలోనూ చదవలేదు. నలభై ఏళ్లుగా బైండింగ్ షాపు. కుట్లు ఊడి వచ్చిన గ్రంథాలను కుట్టేముందు చదివినాను. అంతే నా చదువు. అయినా ఈ దేవరాజులు మాట్లాడితే ఆడ ఫ్యాను శబ్దం తప్ప ఇంకేమీ వినపడదు.

12 జూన్, గురువారం

పెద్ద మనవరాలు శరణ్య చేతిలోంచి సాంబారు గిన్నె జారింది. ఈ నెలలో మూడోసారి. పదిహేడేళ్ల పిల్ల. చేయి వణుకుతోంది, మాట ముద్దగా వస్తోంది. కాలేజీ నోట్సులో అక్షరాలు చీమలైపోయినాయి. అక్క తాగుబోతు మాదిరి మాట్లాడుతోందని చిన్నది వైదేహి వెక్కిరించింది. తాయారు దాని వీపు మీద ఒకటి వేసింది. తర్వాత తల్లీ కూతుళ్లు ముగ్గురూ ఏడ్చినారు.

తాయారు నా కూతురు. డాక్టరు దగ్గరికి పోదాం నాన్నా అంది. నరాల్లో వేడి, రాగిచెంబు తీర్థం రోజుకు రెండు చెంబులు తాగితే సరి అన్నాను. అల్లుడు జనార్దనం నా మాట దాటడు. శ్లోకం చదివి నా చేత్తో నేనే తాగించినాను.

24 జూన్, మంగళవారం

తాయారు ఎవ్వర్నీ అడగలేదు. శరణ్యను ఆటో ఎక్కించింది. నేను గ్రంథం సంచి తగిలించుకొని వెనకే పోయినాను.

నరాల డాక్టరమ్మ పేరు సునయన. గుంటూరు మాట. శరణ్య గడ్డాన్ని ఒక మిషన్ మీద ఆనించి చాలాసేపు చూసింది. నన్నూ చూడమంది. కంటి నల్లగుడ్డు అంచున ఒక వలయం. ఆకుపచ్చా కాదు, గోధుమా కాదు. పాత రాగిబిందె మూతి మాదిరి.

విల్సన్ డిసీజ్ అంది. అన్నంలో నీళ్లలో వచ్చే రాగిని లివర్ బయటికి పంపాలట. ఈ పిల్ల లివర్‌కు ఆ పని చేతకాదు. రాగి ముందు లివర్‌లో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. ఆడ నరాల కణాలను చంపుతుంది.

ఏ జన్మ పాపం అని అడిగినాను. పాపం కాదు తాతగారూ, ఏటీపీ సెవెన్ బీ అనే జీన్ అంది. చెడిన కాపీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. అమ్మకూ నాన్నకూ ఒక్కొక్కటే ఉంది, అందుకని వాళ్లకేమీ కాలేదు.

ఇంట్లో ఏ నీళ్లు తాగుతారని అడిగింది. గర్వంగా చెప్పినాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

25 జూన్

నా చేత్తో నేనే తాగించినాను.

3 జులై, గురువారం

రక్తం, ఇరవైనాలుగు గంటల మూత్రం, రెండిట్లోనూ తేలిపోయింది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. చెంబు ఈ జబ్బు తేలేదు, మీరు అట్లా కుమిలిపోవద్దు, కానీ ఈ పిల్లకు ఆ నీళ్లు ఇంక ఒక్క గుక్క కూడా వద్దు అంది. మాత్ర రాగిని పట్టుకొని మూత్రంలో బయటికి తీసుకుపోతుంది. బతికినంతకాలం మింగాలి. మొదట్లో వణుకు పెరిగినా పెరగొచ్చు, నన్నడక్కుండా మానొద్దు అంది.

తర్వాత అసలు మాట. చెల్లెల్ని తీసుకురండి. దానికీ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. లక్షణాలు రాకముందే పట్టుకుంటే అవి ఎప్పటికీ రాకుండా ఆపొచ్చు.

వరండాలో జనార్దనం అడ్డం తిరిగినాడు. ఒక కూతురికి జబ్బుదని పేరు పడింది చాలు బావా, చిన్నది గెంతుతా ఉంది, దానికీ రక్తం తీయిస్తే రేపు ఎవడు చేసుకుంటాడు అన్నాడు.

బావా అనే పిలుస్తాడు ఇంకా. నా భార్య తమ్ముడే కదా. మన రక్తం బయటికి పోకూడదని చెప్పి తాయారును దాని సొంత మేనమామకు కట్టబెట్టింది నేనే. దగ్గరి రక్తంలో ఒకే చెడిన కాపీ రెండువైపులా ఉండే అవకాశం ఎక్కువట. ఏ నోటితో వాణ్ణి తిట్టేది?

12 జులై, శనివారం

మందిరంలో చెంబును అందరి ముందూ బోర్లించినాను. నేను చెప్పింది తప్పు అన్నాను. ముందు వరసలో పూలమ్మే పాప్పాత్తి ఊరుకుంటుందా? మూడేళ్లుగా నా కాఫీ మాన్పించినావే, ఇప్పుడు తప్పంటే ఆ కాఫీలన్నీ ఎవరు పోస్తారు సామీ అంది. అందరూ నవ్వినారు. నేనూ.

తర్వాత చెప్పినాను. పాలకడలి చిలికితే ముందు విషమే వచ్చింది. దాన్ని విషం అని ఒప్పుకున్నాకే అమృతం పైకి తేలింది. మా ఇంట్లో దానికి నేను తీర్థం అని పేరు పెట్టినాను. ఒక పిల్ల చేతి పట్టు పోయింది. రెండో పిల్లకు రక్తపరీక్ష చేయించడానికి పరువు అడ్డమొస్తోంది. ఆ పరువును నేర్పిన గురువును నేనే.

చెప్పుల దగ్గర నిలబడ్డ జనార్దనం సగంలో వెళ్లిపోయినాడు.

14 జులై, సోమవారం

వాడే వైదేహిని బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయినాడు. నాతో మాట్లాడలేదు. పోనీ.

29 జులై, మంగళవారం

వైదేహికీ ఉంది.

లక్షణం ఒక్కటీ లేదు. కంట్లో వలయం లేదు. రాగి పేగులోంచి రక్తంలోకి పోకుండా జింక్ మాత్ర. ఇంత ముందు దొరకడం అదృష్టం తాతగారూ అని డాక్టరమ్మ నవ్వింది. చాక్లెట్టులోనూ రాగి ఉంటుంది, అదీ మానాలని విని, జబ్బుకంటే అదే పెద్ద జబ్బు, పోంగ తాతా, పోండి అని అరవంలో విసుక్కుంది వైదేహి. జనార్దనం గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకొన్నాడు. ఇంటికి వస్తూ, బావా కాఫీ తాగుదామా అన్నాడు.

6 ఆగస్టు

శరణ్యకు వణుకు పెరిగింది. మాత్ర ఆపేద్దాం అంటుంది తాయారు. డాక్టరమ్మకు ఫోన్ చేసినాను. డోసు కొంచెం తగ్గించింది, ఆపమనలేదు. ఆపనివ్వను. నా మొండితనం మొదటిసారి పనికొస్తోంది.

19 అక్టోబర్, ఆదివారం

షాపులో ఒక గ్రంథానికి కొత్త అట్ట వేసినాను. దాని మీద పేరు శరణ్య రాసింది. అక్షరాలు వంకర. కానీ చీమలు కావు. మాట కూడా ఫోన్లో అర్థమవుతోందని వాళ్ల ఫ్రెండు చెప్పిందట. నేను అట్టను రెండుసార్లు తుడిచినాను, అంటిన దుమ్మేమీ లేకపోయినా.

10 నవంబర్, సోమవారం. పొద్దున 7.40

తిరువొత్తియూరు నుంచి ఫోన్. జనార్దనం తమ్ముడు పెరుమాళ్. వాడిదీ మేనరికమే, ముహూర్తం నాదే. పెద్దబిడ్డ కళ్లు పచ్చబడినాయట. రాగి ముందు చేరేది లివర్‌లోనే కదా. కామెర్లని ఆకుపసరు పోస్తున్నాడట. శుక్రవారం దాకా చూస్తాడట.

రాహుకాలం నాన్నా, తొమ్మిది దాటనీ అంటోంది తాయారు.

దాటనీయను. ట్రైను ఉంది. లే పెరుమాళ్. పసరు పారబొయ్యి. ఆసుపత్రికి పోదాం, నీ ముగ్గురు పిల్లలకూ చెప్పులు తొడుగు. ఇప్పుడే వస్తున్నా. శుక్రవారం కాదు, ఈ పొద్దే.