కళ్ళకు తువ్వాలు కట్టి విన్న పాట

ఆండ్రూ అన్నకు,

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరాన్ని వదిన చేతికిచ్చి మీ ఊరు కోటకు పంపుతున్నాను. కోపంతో చదవకుండా చించేయకు.

ఆదివారం మైపాడులో మా ఇంటి గోడలకు నువ్వు కొయ్య బిళ్ళలు అంటించి, వీటివల్ల స్పీకర్లలో పాట తేటగా వస్తుందన్నావు. నాకు నమ్మకం కుదరలేదు. నీ కళ్ళకు తువ్వాలు కట్టి, పాటను బిళ్ళలతో ఒకసారి, అవి తీసేసి ఒకసారి పెట్టాను. రెండోసారి నువ్వు, "ఇప్పుడు బిళ్ళలుండాయి! చూసినావా మే, పాడే ఆమె ఊపిరి తీసుకునేది గూడా వినపడతా ఉంది!" అని సంబరపడ్డావు. అప్పుడు బిళ్ళలన్నీ నా ఒళ్ళో ఉన్నాయి. నేనూ వదినా పడీపడీ నవ్వాం. నువ్వు అన్నం ముట్టకుండా, వదినను కూడా మరిచి బస్సెక్కేశావు.

నవ్వినందుకు క్షమించు. నువ్వు వెళ్ళాక మేమిద్దరం గోడకు పరుపు ఆనించి ఒకసారి, తీసేసి ఒకసారి, వంతులవారీగా కళ్ళు కట్టుకుని విన్నాం. ప్రతిసారీ తేడా తెలిసింది. గదిని బట్టి పాట మారుతుందని నువ్వన్నది నిజమే, బిళ్ళల సంగతే ఉత్త మాట.

మన మైపాడు చర్చిలో మాట మారుమోగి, వెనక కూర్చున్న పెద్దవాళ్ళకు వాక్యం అర్థం కావడం లేదు కదా. బిళ్ళలు అంటిస్తానని పాస్టరుగారికి మాటిచ్చావు. వాటికి బదులు, పరుపులాగే మోతను పీల్చే మందపాటి పరదాలు కడదాం. శనివారం వచ్చి ఎక్కడెక్కడ కట్టాలో చెప్పు.

పాస్టరుగారికి మన పరీక్ష సంగతి చెప్పలేదు. పరదాల ఆలోచన నీదేనన్నాను. ఆయన నిన్న ప్రార్థనలో అందరి ముందూ నీ పేరెత్తి దేవునికి స్తోత్రం చెప్పేశారు. ఇక నువ్వు రాక తప్పదు, అన్నా.

నీ చెల్లెలు