తుమ్ముకి ఆగిన పిల్ల

గుంటూరు,
గురువారం.

అత్తయ్యగారికి, నేనూ మీ మనవరాలు తన్వికా బాగున్నాం.

ఫోన్లో చెప్పొచ్చు. కార్డైతే పోస్టు తెచ్చే బాబ్జీ దగ్గర్నుంచి వీధంతా చదువుతుందని రాస్తున్నాను.

నిన్న మాటలు నేర్పే క్లాసుకి బయల్దేరాం. తన్విక చెప్పులేసుకుని గుమ్మం దాటబోతోంది. వెనక వంటింట్లో మా ఇంటి ఓనరుగారి భార్య ఎండుమిరపకాయలు వేయిస్తూ గట్టిగా తుమ్మింది. పిల్ల టక్కున ఆగి, వెనక్కొచ్చి చాపమీద కూర్చుంది. ఆటో వచ్చిందే అని లాగితే, నా కొంగు పట్టుకుని నన్నూ కూర్చోబెట్టి, నీళ్ళ చెంబు చూపించింది. అప్పటికిగాని నాకు వెలగలేదు. ఊళ్ళో ఎవరైనా తుమ్మితే మీరు చెంబు తెచ్చేవారు, అది చూసి కూర్చునేది. నిన్న ఎవరూ చెంబు తేలేదండీ! చెవి మిషన్లు పెట్టిన ఏడు నెలలకి తుమ్ము తనే వింది. ఆవిడ "మళ్ళీ తుమ్మనా అమ్మడూ?" అని ఒకటే నవ్వు.

మిరపకోతలయ్యేలోపు మార్పు లేకపోతే వచ్చేయమన్నారు. ఇప్పుడు రాను. వేసవి దాకా ఇక్కడే ఉంటాం. మీ అబ్బాయితో గోంగూర పచ్చడి, పిల్ల గౌన్లు పంపండి. గేదె ఈనిందా? మామయ్యగారు మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారా? ఆయనకి నా నమస్కారాలు.

ఇంకొక్క మాట. దాని ముందే "చెవిటి పిల్ల" అనడం మనవాళ్ళందరికీ అలవాటు. ఇకనుంచి ఎవర్నీ అననివ్వకండి. అది వింటుంది.

మీ కోడలు,
మాధవీలత