కంప్యూటర్ అడగని ప్రశ్న

సత్యవతక్కా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. నువ్వు ఆయాగా చేసిన మన అంగన్‌వాడీకి, నువ్వు పోయిన కొన్నాళ్ళకే ముమ్మిడివరం నుంచి కంప్యూటర్ వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఏం తినాలో అదే బొమ్మలేసి చెబుతుంది, ప్రశ్నలడిగి మార్కులేస్తుంది. నా ప్రాణం తోడేస్తోందనుకో.

కొబ్బరిపీచు పనికెళ్ళే దుర్గకి ఇవాళ నూటికి నూరొచ్చాయి. కంప్యూటర్ చప్పట్లు కొట్టింది. నర్సమ్మ చూస్తే పోయిన నెలకన్నా ఒంట్లో రక్తం తగ్గింది.

"ఇన్ని తెలిసీ తినవేమే?" అని కసిరాను.

"ఆయ్, తెలుసండి. అందరూ తిన్నాకే నేను తింటానండి. అప్పటికి కూరుండదండి."

ఆ మాట చెప్పుకోడానికి కంప్యూటర్లో ఎక్కడా చోటు లేదక్కా! నువ్వైతే మొదటి రోజే అడిగేదానివి. నాకిన్ని నెలలు పట్టింది.

కంప్యూటర్ కట్టేసి దుర్గ వెంట వాళ్ళింటికెళ్ళాను. "మా ఇంట్లో వడ్డన కూడా మీరే చెబుతారా అండీ?" అన్నారు వాళ్ళత్తగారు. నేను అక్కణ్ణించి కదల్లేదు. ఆవిడ విసురుగా కంచం పెట్టేరు. దుర్గ తలొంచుకుని ఆవురావురుమని తింటుంటే, కాసేపు చూసి, ఆవిడే మళ్ళీ కూర వేసేరు.

రేపు కూడా వెళ్ళాలి. నువ్వుంటే నన్ను పంపేదానివి కాదు, నువ్వే వెళ్ళేదానివి.

నీ టీచరమ్మ